ఒరెగానో నూనె అమ్మిన కౌంటరు వెనక తొమ్మిదేళ్లు

మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో ప్రపంచాన్ని వణికించిన మహమ్మారి ఉంది. ఏడు సముద్రాల అవతల మంచుకొండల మీద పుట్టిన మూలిక ఉంది. గడప దాకా వచ్చి తొంగిచూసిన మృత్యువు ఉంది. వీటన్నిటికీ ఎదురు నిలిచిన ఒక ఒంటరి వీరుడు ఉన్నాడు.

లేదు, క్షమించండి. ఉన్నది సూరత్‌లో, ఉధ్నా పేట పవర్‌లూమ్ మగ్గాల మధ్య ఒక మెడికల్ షాపు. దాని కౌంటరు వెనక నేను. ఆ మూలిక పిజ్జా మీద చల్లుకునేది. అది సముద్రాలు దాటలేదు, టెంపోలో వచ్చింది. వీరుడు ఆ రోజు మాస్కు తలకిందులుగా పెట్టుకున్నాడు. ఆ సంగతి సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేదు.

తొమ్మిదేళ్లు ఫార్మసిస్టుగా పనిచేసి ముప్పై రెండేళ్లకు రిటైరయ్యాను. సన్మానం జరగలేదు, శాలువా కప్పలేదు. ఇప్పుడు సలాబత్‌పురాలో మా మేనమామ కొట్లో చీరల బోర్డర్లు అమ్ముతున్నాను. బోర్డర్లకు దుష్ఫలితాలు లేవు. ఎవరూ వాటిని భోజనానికి ముందా తర్వాతా అని అడగరు. కానీ మా వాడలో నలుగురైదుగురు డి.ఫార్మసీ పూర్తిచేసి కౌంటర్ల వెనకకు వెళ్తున్నారు. "అన్నా, అసలు పని ఎట్లుంటది?" అని అడుగుతున్నారు. వాళ్లకోసం ఇది. లైసెన్సు, రిజిస్టర్ల సంగతి మీ యజమానులు చెబుతారు. యజమానులు చెప్పనిది నేను చెబుతాను.

ఎవరికి?

కాలేజీలో మందుల గురించి చెబుతారు. కౌంటరు మీద పని మాత్రం మనుషుల నోటి నుంచి మాట రాబట్టడం. ఈ ముక్క నాకు నేర్పింది మా షాపు యజమాని హర్షద్‌భాయ్. ఆయన గుజరాతీ, నేను సూరత్‌లో పుట్టిన, నేతపని చేసే తెలంగాణ సాలోళ్ల పిల్లాణ్ని. మేమిద్దరం సగం హిందీ, సగం గుజరాతీ కలిపి మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

చేరిన కొత్తలో ఒకాయన వచ్చి ఛాతీకి రాసుకునే బామ్ అడిగాడు. తీసి ఇచ్చాను. హర్షద్‌భాయ్ వెనకనుంచి చెయ్యి చాపి ఆ డబ్బీ వెనక్కి లాక్కున్నాడు.

"ఎవరికి భాయ్?" అని అడిగాడు ఆయన్ని.

"పాపకు. జలుబు చేసింది."

"పాప వయసెంత?"

"రెండు నెలలు నిండాయి."

అందులో కర్పూరం ఉంటుంది. పసిపిల్లలకు రాయకూడదు. నాకు తెలియక కాదు. ఆ విషయం మీద పరీక్షలో పూర్తి మార్కులు వచ్చాయి. కాకపోతే పరీక్షలో ప్రశ్న వాళ్లే అడుగుతారు, కౌంటరు మీద మనం అడగాలి. ఆయన వెళ్లాక హర్షద్‌భాయ్ అన్నాడు: "ఏం కావాలన్నది రెండో ప్రశ్న. ఎవరికి కావాలన్నది మొదటి ప్రశ్న. రాసి గోడకు అంటించు." అంటించాను. తర్వాత ఆ కాగితం మీద ఓఆర్ఎస్ పోస్టరు అంటించాం.

డబ్బా దిగిన రోజు

కరోనా రెండో వేవ్ వేసవి. షాపు ముందు తాడు కట్టాం. తాడు అవతల జనం, ఇవతల మేము. ఆవిరి పట్టే మిషన్లు, కర్పూరం బిళ్లలు, జింక్ మాత్రలు, వేలికి తగిలించే ఆక్సీమీటర్లు — పొద్దున వచ్చినవి మధ్యాహ్నానికి ఉండేవి కావు. మనుషులు మందు కొనడానికి వచ్చేవాళ్లు కాదు, ఏదో ఒకటి చేశామన్న ధైర్యం కొనడానికి వచ్చేవాళ్లు. ఆ సరుకు మా దగ్గర లేదు. లేదని చెప్పడానికి మొహమాటం.

అలాంటి ఒక ఉదయం ఒరెగానో నూనె డబ్బా దిగింది. ఇరవై నాలుగు బుడ్డి సీసాలు, ఒక్కోదానికి రబ్బరు పిప్పెట్టు. లేబుల్ మీద ఆకుపచ్చ కొమ్మ, దాని వెనక మంచుకొండ. తోడుగా ఒక కరపత్రం. రొంప నుంచి మోకాళ్ల నొప్పి దాకా ఆ నూనె తగ్గించని జబ్బు ఆ కరపత్రంలో లేదు. జబ్బులు ఇంకా కావాలంటే చోటు సరిపోలేదనుకుంటాను.

"ఇదేమిటో తెలుసా?" అన్నాడు హర్షద్‌భాయ్.

"పిజ్జా మీద చల్లేది."

"అరే, చల్లేది ఆకు. ఇది నూనె. వైరస్‌ను చంపుతుందంటున్నారు."

"ఎవరంటున్నారు భాయ్?"

"అందరూ అంటున్నారు."

"అందరూ అంటే?"

"శ్రీనూ, బయట అరవై మంది నిలబడ్డారు. నువ్వు నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నావు."

నిజమే, అరవై మంది నిలబడ్డారు. సీసాలు కౌంటరు మీద వరసగా పేర్చాను. లేబుల్ మీది సన్నక్షరాలు చదవలేదు. ఇది మొదటి తప్పు. రెండోదానికి పావుగంట పట్టింది.

మల్లేశం కాక అరుపు

మల్లేశం కాక లూమ్ కారీగర్. కరీంనగర్ వైపు నుంచి వచ్చి పాతికేళ్లుగా ఉధ్నాలో మగ్గాలు నడుపుతున్నాడు. పాతికేళ్లు ఆ చప్పుడులో ఉన్న మనిషి మెల్లగా మాట్లాడలేడు. ఆయన రహస్యం చెబితే రైల్వే స్టేషన్‌లో వినబడుతుంది.

"శీనూ! జర గా ఆకు నూనె ఇయ్యి! మా కార్ఖానాల అందరు తాగుతున్నరు!"

తాడు వెనక జనమంతా అటు తిరిగారు. ఆ ఒక్క అరుపుకు ఇంకో నాలుగు సీసాలు అమ్ముడుపోయాయి.

"ఎట్ల తాగాలె?" అన్నాడు.

కరపత్రం చూశాను. "రెండు చుక్కలు కాకా, గోరువెచ్చటి నీళ్లల్ల."

నూనె నీళ్లలో కలవదని ఏ బడిపిల్లనడిగినా చెబుతుంది. నేను ఫార్మసిస్టును కాబట్టి చెప్పలేదు. కానీ అసలు తప్పు అది కాదు. ఎవరికి అని అడగలేదు. అడిగితే "మీ చిన్నమ్మకు" అని అదే గొంతుతో చెప్పేవాడు. అప్పుడు నాకు గుర్తొచ్చేది: రాజమణి చిన్నమ్మకు ఆరేళ్ల కింద గుండెలో కవాటం మార్చారు. ఆ కృత్రిమ కవాటం దగ్గర రక్తం గడ్డకట్టకుండా ఆమె రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకుంటుంది. ఆ మాత్రలు నెలనెలా ఆమె కూతురు దివ్య కొనుక్కెళ్తుంది, ఇదే కౌంటరు మీద, నా చేతుల నుంచే. కూతురు ఒకటి కొంటోంది, తండ్రి ఇంకొకటి కొంటున్నాడు, రెండూ చేరేది ఒకే కడుపులోకి. మధ్యలో ఉన్నది నేను ఒక్కణ్నే. మాస్కు తలకిందులుగా.

గిన్నెలో చచ్చింది, మనిషిలో సంగతి తెలియదు

ఆ రోజు చదవాల్సింది ఇది. నేను తర్వాత చదివాను. మీరు ముందే చదవండి.

ఒరెగానో పుదీనా, తులసి కుటుంబానికి చెందిన మొక్క. దాని ఘాటు ప్రధానంగా కార్వాక్రాల్, థైమాల్ అనే రెండు పదార్థాల నుంచి వస్తుంది. ఆ థైమాలే మన వాములోనూ ఉంటుంది. అందుకే ఒరెగానో సీసా మూత తీయగానే మల్లేశం కాక "గిది వామే గద" అన్నాడట. ఆ రోజుల్లో ఆ సీసా గురించి ఎవరైనా అన్న మాటల్లో శాస్త్రీయంగా కాస్త దగ్గరగా ఉన్నది అదొక్కటే.

ఈ నూనె ప్రయోగశాలలో, గాజు గిన్నెలో బాక్టీరియాను చంపుతుంది. శిలీంధ్రాలను, కొన్ని వైరస్‌లను కూడా దెబ్బతీసినట్టు ప్రయోగాలున్నాయి. ఇందులో అబద్ధం లేదు. అయితే గాజు గిన్నెలో బట్టల సబ్బు కూడా చాలావాటిని చంపుతుంది, దాన్ని ఎవరూ చెంచాతో తాగరు. గిన్నెలో పోసినంత గాఢత మన రక్తంలో, ఊపిరితిత్తుల్లో వస్తుందా? వస్తే మన కణాలు బతుకుతాయా? ఈ రెండు ప్రశ్నలకూ మనుషుల మీద సరైన పరీక్షలు జరగాలి. జరిగినవి కొద్ది, చిన్నవి, ఒకదానికొకటి పొంతన లేనివి. కోవిడ్‌ను ఆపుతుందని గానీ తగ్గిస్తుందని గానీ చెప్పే నమ్మదగిన ఆధారం లేదు. "పనిచేయదని రుజువైందా మరి?" అని కౌంటరు మీద తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. రుజువు చూపాల్సింది అమ్మేవాడు. మీరు తడబడకండి.

ఇక భద్రత. వంటలో వేసుకునే ఆకు, పొడి మామూలు మనుషులకు సాధారణంగా ప్రమాదం కాదు. పుదీనా, తులసి జాతి పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు. గాఢమైన నూనె వేరే సంగతి. నేరుగా తాగితే నోరు, గొంతు, కడుపు మండుతాయి. చర్మం మీద రాస్తే బొబ్బలెక్కవచ్చు. మందు మోతాదులో గర్భిణులు వాడకూడదు. చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకునేవాళ్లకు చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంది. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం పెరిగే అవకాశం ఉందని హెచ్చరికలున్నాయి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే మానేయమంటారు. "అవకాశం" అనే మాటను గమనించండి. ఇవి కూడా చాలావరకు ప్రయోగశాల నుంచి, జంతువుల నుంచి వచ్చిన అనుమానాలే. మేలుకు గట్టి ఆధారం లేదు, కీడుకూ గట్టి లెక్క లేదు. అలాంటి సరుకును గుండె కవాటం మార్చిన మనిషికి అమ్మకూడదని తేల్చడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు.

చిగుళ్లకు జెల్

మూడు వారాల తర్వాత దివ్య వచ్చింది. బీకాం రెండో ఏడు. ఆన్‌లైన్ క్లాసు చెవుల్లో నడుస్తోంది.

"అన్నా, అమ్మ గోళీలు. ఇంక చిగుళ్లకు ఏమన్న జెల్ ఉన్నదా?"

"ఎవరికి?"

ఈసారి అడిగాను. గొప్పతనమేం లేదు, ఆ పూట జనం తక్కువ.

"మమ్మీకే. బ్రష్ చేస్తే ఖూన్ వస్తుంది. పొద్దున ముక్కుల నుంచి గూడ రక్తం వచ్చింది, కొంచమే."

జెల్ మీదికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగింది.

"ఒంటి మీద నల్ల మచ్చలేమన్న ఉన్నయా?"

"చేతి మీద ఉన్నయి. ఎక్కడ తాకించుకున్నదో యాద్ లేదంటది. అన్నా, నువ్వేంది గట్ల చూస్తున్నవ్?"

"రక్తం పరీక్ష చేయించి ఎన్ని దినాలైంది? ఆ గోళీల పరీక్ష?"

"లాక్‌డౌన్ల ఎవరు చేస్తరు అన్నా? మూడు నెలలైతుంది."

"వేరే ఏమన్న మందు వేసుకుంటున్నదా?"

"జ్వరం వచ్చిందని డోలో. కషాయం లెక్క కాఢా. ఇంక నువ్విచ్చిన నూనె."

"రెండు చుక్కలు."

"రెండా? పప్పా పది పన్నెండు పోస్తున్నడు, పొద్దున, సాయంత్రం."

షాపు హర్షద్‌భాయ్‌కి వదిలి బయల్దేరాను. "ఎక్కడికి?" అన్నాడు. చెప్పాను. "అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యి, నువ్వెందుకు?" అన్నాడు. అంబులెన్స్‌లన్నీ ఆక్సిజన్ కావాల్సిన మనుషుల వెంట ఉన్నాయని ఆయనకూ తెలుసు. దారిలో, చిన్నమ్మను చూసే గుండె డాక్టరమ్మ క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఎనిమిదోసారికి ఆమే ఎత్తింది. చిగుళ్లు, ముక్కు, మచ్చలు, కృత్రిమ కవాటం — నాలుగు ముక్కల్లో చెప్పాను. "పరీక్ష కోసం లాబుల చుట్టూ తిరగకు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకుపో. ఈ పూటకు ఆ మాత్ర ఇవ్వొద్దు. తనంతట తాను ఆపెయ్యనివ్వకు కూడా, ఎంత ఇవ్వాలో నేను చెబుతాను" అంది.

మగ్గం లెక్క

వాళ్లది ఒకటే గది. సగం మంచం, సగం వంట, మూలన దారం కండెల సంచి. రాజమణి చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. మల్లేశం కాక నన్ను చూసి సంబరపడ్డాడు.

"రా శీనూ! సీసా ఖతమైంది, ఇంకొకటి తెచ్చినవా?"

"కాకా, రెండు చుక్కలని చెప్పిన గద. పన్నెండు ఎందుకు పోసినవ్?"

ఆయన నన్ను జాలిగా చూశాడు, పని రానివాణ్ని చూసినట్టు.

"మగ్గం ఎట్ల నడుస్తదో నీకెరుకేనా? ఆయిల్ పోస్తం. చప్పుడు తగ్గకుంటే ఇంక రెండు చుక్కలు పోస్తం. చప్పుడు బందయ్యేదాక పోసుడే. మీ చిన్నమ్మకు దగ్గు తగ్గలే. పెంచిన."

"పొద్దున, సాయంత్రం ఎట్ల లెక్కపెట్టినవ్?"

"షిఫ్టు మారినప్పుడు. ఏడుకు ఏడు."

ఇందులో తెలివితక్కువతనం లేదు. పాతికేళ్లుగా ప్రతి మగ్గం మీదా పనిచేసిన పద్ధతి అది. ఆయన చేతికి నేను పిప్పెట్టు ఇచ్చాను, మోతాదు ఎక్కడ ఆపాలో చెప్పలేదు. ఎందుకంటే అది నాకూ తెలియదు, ఆ కరపత్రం రాసినవాడికీ తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను: ఎక్కడ ఆపాలో తెలియని మందుకు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పకండి.

"చిన్నమ్మా, దవాఖానకు పోవాలె. ఇప్పుడే."

"నేను రాను. పోయినోళ్లు ఎవరన్న మళ్లొచ్చిన్రా? మా ఎదురుంగ ఉండే ఆమెను ప్లాస్టిక్‌ల చుట్టిచ్చిన్రు."

"నీకు కరోనా కాదు, రక్తం మస్తు పలచబడ్డది. లోపల ఎక్కడన్న కారితే మనకు కనపడది. తలకాయల కారితే చేసేటందుకు ఏముండది."

"గట్ల బెదిరియ్యకు."

"బెదిరిస్తలేను. నాకే భయమైతుంది."

"నువ్వే ఇచ్చినవ్ గద బిడ్డా ఆ నూనె" అంది ఆమె. తిట్టినట్టు అనలేదు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పినట్టు అంది. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

"నేనే ఇచ్చిన. అడగకుంట ఇచ్చిన. అందుకే వచ్చిన."

"నోరు మండుతుందంటే బెల్లంల వెట్టి మింగిచ్చిండు మీ కాక. ఇగ నువ్వు దవాఖాన అంటున్నవ్. మీ ఇద్దరి నడుమ నేను బతికితే చాలు."

మల్లేశం కాక జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "పోదాం తియ్యే" అన్నాడు. పక్క గదిలో ఉన్నవాళ్లకు వినబడి ఉండదు.

ఆమె ఒక షరతు పెట్టింది. లోపలికి ఆమెతో నేను రావాలి, డాక్టరుకు నూనె సంగతి నా నోటితో నేనే చెప్పాలి. సరేనన్నాను. నా స్కూటరు ఉంది గానీ ఎక్కించలేదు. ఆ స్థితిలో తలకు చిన్న దెబ్బ తగిలినా ప్రమాదం. ఆటో మాట్లాడాం. డ్రైవరు మాస్కులు చూసి "కరోనా హై క్యా?" అన్నాడు. "నహీ, ఒరెగానో" అంది దివ్య. కొత్త రకం అనుకుని అద్దం కిందికి తిప్పుకున్నాడు గానీ దించెయ్యలేదు.

డాక్టరు ఇవ్వని తీర్పు

గేటు దగ్గర రోగి వెంట ఒక్కరినే పంపుతామన్నారు. "కొడుకు" అని రాయించాను. ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు రెండు షిఫ్టులుగా నిద్రలేని కళ్లతో ఉన్నాడు. "ఏమేం వాడుతున్నారు?" అని అడిగాడు. చెప్పాను. "ఈ నూనె ఎవరిచ్చారు?"

"నేను. ఫార్మసిస్టును."

అతను కాగితం మీద నుంచి తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపు గురించి ఇంతకంటే రాయను.

రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఆ పరీక్షను ఐఎన్ఆర్ అంటారు. ఆమె అంకె, ఉండాల్సినదానికి రెట్టింపు దాటింది. విటమిన్ కె ఇచ్చారు, కొద్దికొద్దిగానే. ఎక్కువిస్తే అటు కవాటం దగ్గర గడ్డకట్టే ప్రమాదం. తలకు స్కాన్ తీశారు. లోపల రక్తం లేదు. రెండు రోజులు ఉంచుకుని, వార్ఫరిన్ మోతాదు సరిచేసి పంపారు. నాటకీయంగా చెప్పడానికి ఇంకేమీ జరగలేదు. జరగకుండా చూడటమే మన ఉద్యోగం, అందుకే మనమీద ఎవరూ సినిమాలు తీయరు.

డిశ్చార్జయ్యి వెళ్లేటప్పుడు, చిన్నమ్మను చూడటానికి వచ్చిన గుండె డాక్టరమ్మను అడిగాను. "మేడం, ఆ నూనె వల్లేనా?"

"ఎలా చెప్పను? మూడు నెలలు పరీక్ష లేదు. జ్వరంలో తిండి తగ్గింది, దానికే అంకె పెరుగుతుంది. రోజూ పారాసెటమాల్ వేసుకుంది, దానికీ పెరగొచ్చు. కాఢాలో ఏముందో వాళ్లకే తెలియదు. నూనె కూడా ఒక అనుమానితుడు. ఒక్క మనిషిని చూసి శిక్ష వెయ్యలేను."

నిజం చెప్పాలంటే నాకు కొంచెం నిరాశ కలిగింది. అపరాధ భావంతో సిద్ధంగా ఉన్న మనిషికి సందేహ లాభం ఇస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కానీ ఆమె అన్నదే సరి. మల్లేశం కాక కార్ఖానాలో "మేం తాగినం, మాకేం కాలే, నూనె పనిచేస్తది" అన్నవాళ్లదీ ఒక్కో మనిషి సాక్ష్యమే. ఆ లెక్క వాళ్ల దగ్గర చెల్లదన్న నేను, నా దగ్గర చెల్లుతుందని ఎలా అంటాను? ఒరెగానో దోషి అని తేలలేదు. నేను మాత్రం దోషిననే తేలింది. నా కేసులో సాక్ష్యాలు పక్కాగా ఉన్నాయి.

షట్టరు మీద కాగితం

చిన్నమ్మను ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే షాపుకు వెళ్లి మిగిలిన సీసాలు కౌంటరు మీద నుంచి తీసేశాను. అప్పుడే సన్నక్షరాలు చదివాను: "సువాసన కోసం మాత్రమే. లోపలికి తీసుకోరాదు." కరపత్రం ఒక మాట, సీసా ఒక మాట. రెండూ ఒకే డబ్బాలో వచ్చాయి.

"అమ్మినవి కూడా వాపస్ తెప్పిస్తాను" అన్నాను.

"పిచ్చా నీకు?" అన్నాడు హర్షద్‌భాయ్. "షాపు మీద బోర్డు కడతావా, మేం విషం అమ్మామని?"

"విషమని రాయను. తాగొద్దని రాస్తాను."

"ఎవరెవరు కొన్నారో ఏం తెలుసు?"

"తెలియదు. అందుకే షట్టరు మీద అంటిస్తాను."

"నేను ఒప్పుకోను."

"భాయ్, ఎవరికి అని ముందు అడగమని నాకు నేర్పింది మీరే. ఈ డబ్బా వచ్చినప్పుడు మీరూ అడగలేదు, నేనూ అడగలేదు. కాగితం ఒప్పుకోకపోతే ఇవాళే మానేస్తాను. బయట అరవై మందికి మీరొక్కరే మందులివ్వాలి."

ఆయన పెన్ను మూత తీశాడు. "గుజరాతీలో నీ అక్షరాలు బాగుండవు, నేను రాస్తాను" అన్నాడు. తెలుగు, హిందీ నేను రాశాను. గుజరాతీ కాగితం కింద ఆయన తనంతట తాను ఒక వాక్యం కలిపాడు: సానిటైజర్ అందుబాటులో ఉంది. అన్యాయంగా మాట్లాడను. చెడ్డ యజమాని కాగితం చించేసేవాడు. ఈయన ఖాళీ చోటు వాడుకున్నాడు, అంతే.

పద్నాలుగు సీసాలు అమ్మాం. పదిరోజుల్లో ఎనిమిది తిరిగొచ్చాయి. అందులో రెండు ఖాళీవి, ఒకటి అసలు మాది కాదు, లవంగనూనె. తొమ్మిదోదాన్ని మల్లేశం కాక సహోద్యోగి మగ్గంలో పోశాడట.

"రెండు దినాలు చప్పుడు తగ్గింది శీనూ! మూడో దినం జామైంది!" అని కాక వీధి అవతల నుంచి చెప్పాడు.

ఒరెగానో మగ్గాలకు పనికిరాదనడానికి కూడా ఒక్క కేసే ఆధారం. ఇంకా పరిశోధన జరగాలి.

మీకు

ఆ తర్వాత రెండేళ్లు అదే కౌంటరు మీద పనిచేసి మానేశాను. ఈ ఒక్క సంఘటన వల్ల కాదు. కాళ్ల నరాలు ఉబ్బాయి. రోజుకు పన్నెండు గంటలు నిలబడతాం, ఆ సంగతి కాలేజీలో చెప్పరు.

మీకు నేను చెప్పగలిగింది తక్కువ. ఆకు, వేరు, నూనె, పొడి ఏది అడిగినా, ఎవరికి అనండి. ఇంకేం వాడుతున్నారు అనండి. "ఏం మందులు?" అంటే "ఏమీ లేవు" అంటారు. కాఢా, తైలం, ఊరి నుంచి వచ్చిన పొడి వాళ్ల దృష్టిలో మందులు కావు. కాబట్టి పేర్లు పెట్టి ఒక్కోటి అడగండి. క్యూలో వెనక ఉన్నవాళ్లు తిడతారు. తిట్టనివ్వండి. మీ యజమాని గుడ్లురుముతాడు. ఉరమనివ్వండి. మీకు తెలియనిదాన్ని తెలియదని చెప్పండి. ఆ మాట అన్నందుకు తొమ్మిదేళ్లలో ఒక్క కస్టమరు కూడా నన్ను కొట్టలేదు, అనకుండా ఉన్న రోజు తర్వాత మూడు వారాలకు మాత్రం ఒక ఆడమనిషి ముక్కు నుంచి రక్తం కారింది.

రాజమణి చిన్నమ్మ బాగానే ఉంది. నెలకోసారి పరీక్షకు వెళ్తుంది. పరీక్ష రోజు ఉదయం దివ్య నాకు ఫోన్ చేస్తుంది, నేను లేటవ్వకుండా పొమ్మని చెబుతాను. మొదటి రెండుసార్లు చిన్నమ్మ ఏమీ తినకుండా వెళ్లి, లైన్లో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. అక్కర్లేదు. ఐఎన్ఆర్ పరీక్షకు పరగడుపున వెళ్లాల్సిన పనిలేదు, టిఫిన్ చేసి వెళ్లొచ్చు.